ఎడమ రెక్క కింది అక్షరాలు: నల్లగొండ డాబా మీద ఒక ప్రాజెక్టు డైరీ

2024 అక్టోబరు

మన దేశంలో నమోదైన ప్రయాణికుల విమానం ఎడమ రెక్క అడుగున దాని రిజిస్ట్రేషన్ అక్షరాలు పెద్దవిగా రాసి ఉంటాయి. వాటిలో మొదటి రెండూ ఎప్పుడూ వీటీయే. ఒక అడ్డగీత తరువాత వచ్చే మరో మూడు అక్షరాలు ఆ ఒక్క విమానానికే చెందినవి. నల్లగొండ మీదుగా 35 వేల అడుగుల ఎత్తున సాగిపోయే విమానాన్ని మా ఇంటి నుంచే ఫోటో తీసి, ఆ ఫోటోలో ఈ అక్షరాలను కంటితో చదవగలగాలన్నది నేను పెట్టుకున్న లక్ష్యం. వానాకాలపు మబ్బులు తొలగి ఆకాశం నీలంగా తేటపడిన ఈ నెలలోనే పని మొదలుపెట్టాను.

ఈ పనికి నల్లగొండ మంచి చోటు. పటం మీద ఢిల్లీ నుంచి చెన్నైకి సూటిగా గీత గీస్తే అది మన పట్టణానికి చాలా దగ్గరగా పోతుంది. శంషాబాదు నుంచి గన్నవరానికి గీసినది పట్టణానికి కొద్దిగా దక్షిణంగా పోతుంది. బెంగళూరు నుంచి వారణాసికి గీసినదీ ఈ పరిసరాల మీదుగానే సాగుతుంది. విమానాలు కచ్చితంగా ఆ గీతల మీదే ఎగరకపోయినా, ఉత్తర దక్షిణాలుగా పోయే ఎత్తైన దారి ఒకటి, తూర్పు పడమరలుగా పోయే తక్కువ ఎత్తు దారి ఒకటి మన నెత్తి మీద కలుసుకుంటున్నాయని వారం రోజులు ఆకాశం గమనించినవారికి ఎవరికైనా తెలిసిపోతుంది.

కెమెరా కొనకముందు లెక్క వేశాను. ఎయిర్‌బస్ ఏ320 పొడవు 37.57 మీటర్లు. 35 వేల అడుగులంటే సముద్ర మట్టం నుంచి సుమారు 10.7 కిలోమీటర్లు, నల్లగొండ ఎత్తు తీసివేస్తే సరిగ్గా నడినెత్తిన ఉన్న విమానం కూడా మనకు 10 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నట్టు. ఆ దూరంలో అది ఒక డిగ్రీలో ఐదో వంతు మాత్రమే కనిపిస్తుంది, అంటే పున్నమి చంద్రుడి వెడల్పులో సగం కన్నా తక్కువ. 600 మిల్లీమీటర్ల లెన్సు, 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (మధ్యస్థ పరిమాణపు) సెన్సరు ఉన్న కెమెరాలో ఆ విమానం సుమారు 560 పిక్సెళ్ల పొడవు వస్తుంది. విమానం రకాన్ని, రంగులను గుర్తుపట్టడానికి ఇది ధారాళంగా చాలు. అక్షరాల సంగతి మాత్రం వేరు.

రెక్క కింది అక్షరాల ఎత్తు కనీసం 50 సెంటీమీటర్లు ఉండాలని, గీత మందం ఆ ఎత్తులో ఆరో వంతు ఉండాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏడవ అనుబంధం చెబుతుంది. ఆ ప్రకారం గీత మందం 8 సెంటీమీటర్ల పైచిలుకు. నా లెన్సు ముందరి గాజు తెరుచుకునే వెడల్పు 95 మిల్లీమీటర్లు. అంత వెడల్పున్న ఏ లెన్సయినా 10 కిలోమీటర్ల దూరంలో వేరుపరచి చూపగల అతి చిన్న వివరం 7 సెంటీమీటర్లు. నా సెన్సరులోని ఒక్కో పిక్సెల్ కూడా ఆ దూరంలో దాదాపు 7 సెంటీమీటర్లనే పట్టుకుంటుంది. కాబట్టి అక్షరం ఏడు పిక్సెళ్ల ఎత్తున, గీత ఒక్క పిక్సెల్ మందాన వస్తుంది. కాంతి శాస్త్రం ఈ పనిని సాధ్యమే అంటోంది, కానీ మిగులు అంటూ ఏమీ ఇవ్వడం లేదు. దూరం కొంచెం పెరిగినా, ఫోకస్ కొంచెం తప్పినా, మధ్యలో గాలి కొంచెం కదిలినా అక్షరాలు చెరిగిపోతాయి. ఈ డైరీ అంతా ఆ మూడు విషయాల గురించే.

సెకండ్‌హ్యాండ్‌లో 150–600 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు తీసుకున్నాను. నికాన్ పీ900, పీ950 వంటి ఎక్కువ జూమ్ కెమెరాలు తక్కువ ఖర్చులో విమానాన్ని ఇంకా పెద్దదిగా చూపుతాయన్నది నిజమే. పీ900 జూమ్ చివరికి వెళితే అదే ఏ320 దాదాపు వెయ్యి పిక్సెళ్లు వస్తుంది. అయితే దాని లెన్సు తెరుచుకునే వెడల్పు దాదాపు 55 మిల్లీమీటర్లే కావడం వలన పిక్సెళ్లు పెరిగినా వివరం పెరగదు. విమానాలను చూసి ఆనందించడానికి, పిల్లలకు చూపించడానికి అది చక్కని కెమెరా. ఈ అక్షరాల పనికి వెడల్పైన గాజు తప్పదు.

2024 నవంబరు

ముందు ఎప్పుడు, ఎటు నుంచి వస్తుందో తెలియాలి. చప్పుడు విని బయటికి పరుగెత్తితే లాభం లేదు. నడినెత్తిన ఉన్న విమానం చప్పుడు కిందికి చేరడానికి అర నిమిషం పైన పడుతుంది, ఆలోగా విమానం ఏడెనిమిది కిలోమీటర్లు ముందుకు పోయి ఉంటుంది. చెవి చెప్పిన చోట ఆకాశం ఖాళీగా ఉంటుంది; అది పోతున్న దిక్కున చాలా ముందుకు వెతకాలి. రిసీవరు లేనివారికి ఈ ఒక్క మెలకువ తెలిసినా ఎంతో సాయం.

విమానాలు తమ స్థానాన్ని, ఎత్తును, వేగాన్ని 1090 మెగాహెర్ట్‌జ్ మీద క్షణక్షణం ప్రకటిస్తూ ఉంటాయి. ఫోనులోని ఫ్లైట్‌రాడార్24 వంటి యాప్‌లు చూపేది కూడా ప్రధానంగా ఈ ప్రకటననే. వేలెడంత యూఎస్‌బీ రేడియో రిసీవరుకు, ‘రాస్‌బెర్రీ పై’ అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరుకు నేనే యాంటెన్నా చేసుకున్నాను. ఈ తరంగం పొడవు 27.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 6.9 సెంటీమీటర్లు. ఇంటి వైరింగులో మిగిలిన రాగి తీగను ఆ కొలతకు ఐదు ముక్కలుగా కత్తిరించి, ఒకటి నిటారుగా, నాలుగు 45 డిగ్రీల వాలులో కిందికి వంచి టంకం పెట్టాం. టంకం పని మా అక్క కొడుకుది. “మామా, తీగ పొడుగు ఒక్క మిల్లీమీటరు కూడా పోవద్దు” అంటూ స్కేలు పట్టుకొని కూర్చుని, నాకన్నా ఎక్కువ పట్టింపుతో చేశాడు. నీళ్ల ట్యాంకు పక్కన ఇనుప గొట్టం మీద బిగించిన తరువాత, గుట్టలు అడ్డం లేని దిక్కున 300 కిలోమీటర్లు దాటిన విమానాలు కూడా తెర మీదికి వచ్చాయి.

రిసీవరు తెరను రోజూ చూస్తుంటే కొన్ని క్రమాలు తెలిసివస్తాయి. తూర్పు అర్ధభాగం వైపు పోయేవి సాధారణంగా 33, 35, 37 వేల అడుగుల వంటి బేసి ఎత్తులలో, పడమటి అర్ధభాగం వైపు పోయేవి 34, 36, 38 వేల వంటి సరి ఎత్తులలో ఎగురుతాయి. ఢిల్లీ నుంచి చెన్నైకి పోయేది దక్షిణం నుంచి కొద్దిగా తూర్పుకు ఒరిగి పోతుంది కనుక బేసి. చెన్నై నుంచి ఢిల్లీకి తిరిగిపోయేది సరి. ఇంకొక సంగతి కూడా గమనించాలి. విమానం ప్రకటించే ఎత్తు గాలి పీడనాన్ని బట్టి లెక్కకట్టినది. ఆ లెక్కకు ఆధారమైన ప్రామాణిక వాతావరణం కన్నా మన ప్రాంతపు గాలి వెచ్చన, కాబట్టి అసలు ఎత్తు ప్రకటించిన దానికన్నా కొంత ఎక్కువే ఉంటుంది. మన లెక్కలో 10.2 కిలోమీటర్లన్నది నిజానికి 10.6 వరకు పోతుంది. అసలే మిగులు లేని చోట ఇది చిన్న తేడా కాదు.

ప్రతి విమానం తన సంకేతంతో పాటు 24 బిట్ల గుర్తింపు సంఖ్యను కూడా పంపుతుంది. మన దేశానికి కేటాయించిన సంఖ్యలు పదహారు ఆధార పద్ధతిలో 800000 నుంచి 83ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ వరకు. ఈ సంఖ్యను బట్టి రిజిస్ట్రేషన్ అక్షరాలు తెలుసుకోవచ్చు కదా, ఫోటోలో చదవడం ఎందుకని మా అక్క కొడుకే అడిగాడు. నా నియమం ఒకటే: ముందు ఫోటో చూసి చదివినది కాగితం మీద రాయాలి, ఆ తరువాతే రిసీవరు చెప్పిన దానితో పోల్చాలి. జవాబు ముందే తెలిస్తే కన్ను లేని గీతలను కూడా చూస్తుంది.

ఈ నెల 12వ తేదీన విస్తారా విమాన సంస్థ ఎయిర్ ఇండియాలో విలీనమైంది. దాని ఊదారంగు తోకల విమానాలు మన మీదుగా ఇంకా పోతూనే ఉన్నాయి, కానీ ఆ రంగు ఇక ఎన్నాళ్లో ఉండదు. వాటిని తీయగలిగినన్ని తీసి పెట్టుకుంటున్నాను. సంస్థల పేర్లు మారతాయి, రంగులు మారతాయి. రెక్క కింది అక్షరాలు మాత్రం చాలా వరకు అలాగే కొనసాగుతాయి. ఒకే విమానాన్ని ఊదారంగులో ఒకసారి, కొత్త రంగులో మరొకసారి చూపి, రెండూ ఒకటేనని అక్షరాలతో నిరూపించగలిగితే ఆ జంట ఫోటోలకు ఎంతో విలువ ఉంటుందని నా నమ్మకం.

ఫోటోల విషయంలో ఈ నెల ఏటీఆర్ 72 విమానాలతో గడిచింది. ఇవి తక్కువ దూరాల విమానాలు. శంషాబాదు, గన్నవరం దారిలో 35 వేల అడుగులలో సగం ఎత్తున పోతాయి కనుక అక్షరాలు రెండింతలు పెద్దగా, 15 పిక్సెళ్లకు పైగా వస్తాయి. తూర్పు నుంచి శంషాబాదుకు దిగే జెట్ విమానాలు కూడా మన దగ్గరికి వచ్చేసరికి బాగా కిందికి వచ్చి ఉంటాయి. వీటిలో వీటీతో మొదలయ్యే ఐదు అక్షరాలూ స్పష్టంగా చదవగలిగాను. పద్ధతి సరిగానే ఉందని తేలింది.

2024 డిసెంబరు

ఈ నెల మొత్తం ఫోకస్ మీదే పనిచేశాను, ఎందుకంటే నీలాకాశంలో చిన్న చుక్కను కెమెరా తనంతట తాను పట్టుకోవడానికి తడబడుతూ, ఒక్కోసారి విమానం పోయేంతవరకు వెతుకుతూనే ఉంటుంది. ఫోకస్ ముందే స్థిరపరచి, దాని రింగు కదలకుండా టేపు వేయడం మేలు. అయితే దేని మీద స్థిరపరచాలి? మా డాబా నుంచి లతీఫ్ సాహెబ్ గుట్ట చక్కగా కనిపిస్తుంది, దాని మీద ఫోకస్ చేస్తే చాలుననిపిస్తుంది. లెక్క వేస్తే చాలదని తేలింది. 600 మిల్లీమీటర్ల లెన్సును 3 కిలోమీటర్ల దూరపు గుట్ట మీద ఫోకస్ చేస్తే అనంత దూరంలోని చుక్క ఐదు పిక్సెళ్ల మసక బిళ్లగా పడుతుంది. ఏడు పిక్సెళ్ల అక్షరానికి ఐదు పిక్సెళ్ల మసక అంటే అక్షరం పోయినట్టే. మామూలు ఫోటోలకు ఇది లెక్కలోకే రాదు, ఇక్కడ మాత్రం ఇదే సర్వస్వం.

కనుక ఆకాశంలోని వస్తువు మీదే ఫోకస్ చేయాలి. ఈ నెలలో గురుగ్రహం భూమి నుంచి చూస్తే సూర్యుడికి ఎదురుదిక్కున ఉండడం వలన తెల్లవారుజామున పడమట మెరుస్తూ ఉంటుంది. కెమెరా వెనుక తెర మీద దాన్ని పది రెట్లు పెద్దది చేసి, అతి చిన్న బిళ్లగా కనిపించేంతవరకు రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పి, అక్కడ టేపు వేస్తాను. చంద్రుడు ఉన్న రోజులలో చంద్రుడి అంచు ఇంకా సులువు. పొద్దెక్కి లెన్సు వేడెక్కిన కొద్దీ ఫోకస్ తప్పిపోతుంది కనుక, కెమెరాను ముందు నుంచే డాబా మీద ఉంచి బయటి చలికి అలవాటు పడనిస్తాను, ఎండ తగలకుండా లెన్సుకు తెల్లని గుడ్డ చుడతాను.

షట్టరు వేగానికీ ఇలాంటి లెక్కే ఉంది. సెకనుకు 237 మీటర్ల వేగంతో పోయే విమానం కదలని కెమెరా సెన్సరు మీద సెకనుకు 3,500 పిక్సెళ్లు జరుగుతుంది, మొత్తం చట్రాన్ని రెండు సెకన్లలోపే దాటిపోతుంది. 1/2000 సెకనులో అది రెండు పిక్సెళ్ల చెదురు. విమానంతో పాటు కెమెరాను తిప్పితే ఇది దాదాపు పోతుంది, కానీ నిలబడి మెడ వెనక్కి విరిచి బరువైన లెన్సును నడినెత్తిన తిప్పడం కుదిరే పని కాదు. నవారు మంచాన్ని డాబా మీద విమానాల దారికి అడ్డంగా వేసి, తల కింద రెండు దిండ్లు పెట్టుకొని, మోచేతులను పక్కలకు ఆనించి తీస్తే కెమెరా చక్కగా నిలుస్తుంది. ట్రైపాడ్ కన్నా ఇదే నాకు బాగా కుదిరింది. లెన్సు పూర్తిగా తెరిచి ఎఫ్6.3 దగ్గరే ఉంచుతాను; ఇంకా మూస్తే లెన్సు వేరుపరచగల శక్తి తగ్గుతుంది.

ఇక గాలి. వేడి గాలి పొర, చల్లని గాలి పొర ఒకదానిలో ఒకటి కలిసే చోట వెలుగు దారి వంగుతుంది. రాత్రి నక్షత్రాలు మిణుకుమనడానికి కారణం అదే. పగటిపూట నేల కాగినప్పుడు అది మరింత బలంగా ఉంటుంది. విమానం నడినెత్తిన కాక 30 డిగ్రీల ఎత్తున ఉంటే దూరం రెట్టింపై 20 కిలోమీటర్లు దాటుతుంది, దారిలోని గాలి కూడా రెట్టింపవుతుంది, నేలకు దగ్గరగా ఉన్న కలత గాలి గుండా వెలుగు సాగే దారి కూడా అంతే పెరుగుతుంది. అందుకే 60 డిగ్రీల ఎత్తుకు తక్కువగా పోయే ఏ విమానాన్నీ అక్షరాల కోసం తీయకూడదని నిర్ణయించుకున్నాను. 60 డిగ్రీల దగ్గర దూరం సుమారు 12 కిలోమీటర్లు ఉంటుంది. ఈ ఒక్క నియమం వల్ల తీసే ఫోటోల సంఖ్య బాగా తగ్గింది, పనికొచ్చే ఫోటోల సంఖ్య పెరిగింది.

నెల చివరి వారంలో, సూర్యోదయం తరువాత గాలి ఇంకా కదలని ఒక ఉదయం, ఉత్తరం నుంచి దక్షిణానికి పోతున్న ఏ320 నియో (కొత్త ఇంజన్ల ఏ320) ఎడమ రెక్క కింద మొదటిసారి అక్షరాలు కనిపించాయి. మొదటి నాలుగు నిస్సందేహంగా చదివాను. ఐదవది ఓ, క్యూ, జీలలో ఏదో ఒకటని మాత్రమే రాసుకున్నాను. రిసీవరుతో పోలిస్తే నాలుగూ సరిపోయాయి, ఐదవది నేను రాసుకున్న మూడింటిలో ఒకటి. గుండ్రని అక్షరాలు ఇలా కలిసిపోతాయి. నిలువు, ఏటవాలు గీతలతో ఉన్నవి త్వరగా విడిపడతాయి. ఆ ఫోటో చూసిన సంతోషం ఇంతా అంతా కాదు.

2025 జనవరి

పానగల్ వైపు ఉదయసముద్రం జలాశయం మీద నుంచి, తడి పొలాల మీద నుంచి లేచే పొగమంచు ఈ నెల చాలా ఉదయాలను మింగేసింది. దానికి తోడు వానాకాలం వరి కోసిన పొలాలలో కొయ్యకాళ్లు కాల్చిన పొగ నవంబరు నుంచే సన్నగా నిలిచి ఉంది. పొగ అక్షరాలను చెరపదు కానీ వెలిసిపోయేలా చేస్తుంది. కెమెరా మార్పులు చేయకుండా దాచిన ‘రా’ ఫైలులో కాంట్రాస్టు పెంచితే కొంత తిరిగి వస్తుంది. గాలి కదలిక వల్ల పోయినది మాత్రం ఏ సాఫ్ట్‌వేరుతోనూ రాదు. కాబట్టి పొగ ఉన్నా కదలిక లేని ఉదయాన్నే నేను కోరుకుంటాను. సాఫ్ట్‌వేరుతో లేని వివరాన్ని పుట్టించే కొత్త పనిముట్లను ఈ ప్రాజెక్టులో వాడను. అవి అక్షరాలను ఊహించి గీస్తాయి.

విమానాల రకాలను కింది నుంచి గుర్తుపట్టడం కూడా ఈ చలి రోజులలోనే బాగా పట్టుబడింది. బోయింగ్ 737 పెద్ద చక్రాలకు పూర్తి తలుపులు ఉండవు కనుక పొట్ట మధ్యలో రెండు నల్లని గుండ్రాలు కనిపిస్తాయి; ఏ320లో అవి ఉండవు. నియో ఇంజను పాత దానికన్నా రెక్క కింద స్పష్టంగా లావుగా ఉంటుంది. బోయింగ్ 787 రెక్కల కొనలు వెనక్కి వాలి సన్నబడి ముగుస్తాయి.

2025 ఫిబ్రవరి

సాయంత్రాల మీద దృష్టి పెట్టాను. మధ్యాహ్నం విమానం పొట్ట నీడలో నల్లగా ఉంటుంది. పొద్దు వాలినప్పుడు రెక్క అడుగుకు వెలుగు పక్క నుంచి వస్తుంది. అంతకన్నా విశేషం, మనకు సూర్యుడు అస్తమించిన తరువాత కూడా 35 వేల అడుగుల ఎత్తున ఉన్న విమానానికి ఇంకా సుమారు 13 నిమిషాలు సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు. ఆ కొద్ది నిమిషాలు కిరణాలు విమానం కన్నా కింది నుంచి వచ్చి సూటిగా పొట్టకు, రెక్క అడుగుకు తగులుతాయి. విమానం మొత్తం రాగి రంగులో వెలుగుతుంది. అందానికి ఇంతకు మించిన వేళ లేదు. అక్షరాలకు మాత్రం ఇది అంత మంచి వేళ కాదు. పగలంతా కాగిన సిమెంటు డాబా అప్పటికి వేడిని వదులుతూ ఉంటుంది, ఆ సెగ లెన్సు ముందే లేస్తుంది. డాబా మీద నీళ్లు చల్లితే కొంత తేడా కనిపించింది. ఇంటి వెనుక వేపచెట్టుకు అవతల మట్టి నేల ఉన్న పెరట్లోకి మంచం మార్చితే ఇంకా ఎక్కువ తేడా కనిపించింది. ఇప్పుడు ఉదయం డాబా, సాయంత్రం పెరడు.

పక్కింటి పెద్దమ్మ ఒక సాయంత్రం గోడ అవతలి నుంచి చూసి, “ఏం బిడ్డా, మంచంల పండుకొని దేని కోసం చూస్తున్నవ్?” అని అడిగింది. కెమెరా తెర మీద రాగి రంగు విమానాన్ని చూపిస్తే చాలాసేపు చూసి, ఇందులో ఎంతమంది ఉంటారని అడిగింది. 180 మంది దాకా అని చెప్పాను. అప్పటి నుంచి చప్పుడు వినిపిస్తే తానే కేక వేసి చెబుతోంది.

చుట్టుపక్కలవారు అడిగే మరో ప్రశ్న ఇది నేరమేమో అని. 1937 నాటి విమాన నిబంధనలలో 13వది విమానాశ్రయాలలోను, ఎగురుతున్న విమానంలో నుంచీ ఫోటోలు తీయడం గురించినది. నేను తీసేది నా ఇంట్లో నుంచి, ఆకాశంలో పోయే ప్రయాణికుల విమానాలను మాత్రమే. వైమానిక దళం విమానం కనిపిస్తే కెమెరా దించేస్తాను. అది నేను పెట్టుకున్న హద్దు.

2025 మార్చి

ఎండలు ముదిరాయి. ఉదయం ఎనిమిది దాటితే రెక్క అంచులే వంకరగా వస్తున్నాయి, అక్షరాల మాట చెప్పనవసరం లేదు. 37 వేల అడుగుల విమానాలలో ఒక్కదాని అక్షరాలు కూడా ఇంతవరకు పూర్తిగా చదవలేదు. 33, 35 వేల అడుగులవి మాత్రమే, అవీ చలికాలపు ఉదయాలలో వచ్చాయి. ఐదు అక్షరాలూ ఫోటోలోనే చదివి రిసీవరుతో సరిపోయినవి వేరే ఫోల్డరులో ఉన్నాయి. ప్రతి ఫోటో పేరులో తేదీ, సమయం, ఎత్తు, దిక్కు, నేల నుంచి కోణం రాస్తున్నాను. కెమెరా గడియారం నెమ్మదిగా తప్పుతుంది కనుక ప్రతి ఉదయం ఫోనుతో సరిచేస్తున్నాను.

వానలు వచ్చేదాకా అక్షరాల పని ఆపి, ఏటీఆర్‌ల మీద, సాయంత్రపు రాగి రంగు మీద ఉంటాను. ఈలోగా చేయవలసినవి రెండు. యాంటెన్నాను ఇంకొక రెండు మీటర్లు పైకి ఎత్తాలి. లెన్సు మీద ఎర్ర చుక్క చూపే గురిపెట్టే పరికరం బిగించాలి. 600 మిల్లీమీటర్ల దగ్గర ఆకాశంలో రెండు డిగ్రీల పైచిలుకు మాత్రమే కనిపిస్తుంది కనుక విమానాన్ని చట్రంలోకి తెచ్చుకోవడానికే విలువైన సెకన్లు పోతున్నాయి. దానికి కావలసిన అల్యూమినియం పట్టీని మా అక్క కొడుకు కొలతలు తీసుకొని వెళ్లాడు.